రెండు చుట్లు ఎక్కువ

మూడయింది. స్కూలు బస్సు నాలుగింటికి సందు మొదట్లో ఆగుతుంది, అక్కణ్ణించి ఇంటికి రెండు నిమిషాల నడక, అంటే చేతిలో ఉన్నది గంటా రెండు నిమిషాలు, అందులో ఊరికే నిలబడి పోగొట్టుకున్నవి అప్పుడే అయిదు. వాకిట్లో బోర్లా పడి ఉన్న తీగ గులాబీ చుట్టూ కట్లాయన మరోసారి తిరిగాడు. రాత్రి గాలికి చెక్కజాలీ మొత్తం గోడ నుంచి ఊడి, స్క్రూలతో సహా, స్క్రూల వెంట పిడికెడేసి సున్నం పెళ్ళలతో సహా ముందుకి పడిపోయింది. దానికి కట్టేసి ఉన్న పాపానికి గులాబీ కూడా దానితోపాటే పడింది. మొదలు ఇంకా మట్టిలోనే ఉంది, కొమ్మలు మాత్రం మొదలు దగ్గర మెలితిరిగి, పూలు నేలవైపూ ముళ్ళు ఆకాశంవైపూ అయిపోయాయి. ఆస్పత్రిలో ఇలా పడ్డవాళ్ళని రోజుకి పదిమందిని చూస్తాడు. అక్కడైతే చేతులు వాటంతటవే పని మొదలుపెడతాయి. ఇరవై రెండేళ్ళుగా విరిగిన ఎముకలకి పిండికట్లు వేయడమే అతని ఉద్యోగం, డాక్టరు ఎముక సరిచేసి పక్కకి జరిగితే మిగతాదంతా ఇతనిదే, అందుకే ఊడ్చే ఆవిడ నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ అతను కట్లాయనే, అసలు పేరు డ్యూటీ చార్టులో తప్ప ఎక్కడా వినపడదు. ఇక్కడ మాత్రం చేతులు కదలడం లేదు.

చేయగలిగినవన్నీ చేసేశాడు, అదీ చిక్కు. రెండింటికి డ్యూటీ దిగి రాగానే చొక్కా అయినా మార్చుకోకుండా గోడకి కొక్కేలు దిగ్గొట్టాడు, కొక్కేల మధ్య మూడు వరసలు ఇనపతీగ అడ్డంగా లాగి బిగించాడు, తన పాత బనీన్లు రెండు చింపి వేలెడు వెడల్పు పీలికలు చేసి కుర్చీ మీద వరసగా పరిచాడు, మంచినీళ్ళు తాగాడు, దాహం లేకపోయినా ఇంకోసారి తాగాడు. ఇంక మిగిలింది ఒక్కటే, గులాబీని ఆ విరిగిన జాలీ నుంచి విడదీయడం. విడదీయాలంటే వైర్లు కొయ్యాలి. ఎరుపూ పసుపూ నీలమూ, గోడల్లో స్విచ్చులకి వెళ్ళే రకం వైరు ముక్కలు, ప్రతి కొమ్మకీ నాలుగైదు చోట్ల మెలిపెట్టి కట్టి ఉన్నాయి. పొద్దున చీకటితో తను బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి వాటివైపే చూస్తూ, "ఏమండీ, సాయంత్రం నేనొచ్చాక ఇద్దరం లేపుదాం. ఆ వైర్లు మాత్రం ముట్టుకోకండి. ఆయన చేత్తో కట్టినవి" అంది. గట్టిగా చెప్పి ఉంటే కనీసం వాదించడానికైనా ఉండేది. ఉప్పు తక్కువైందేమో చూడండి అన్నంత మామూలుగా చెప్పింది, అలా చెప్పిన మాటని దాటడం ఎలాగో అతనికి ఇన్నేళ్ళొచ్చినా తెలియదు.

ఆయన అంటే ఎలక్ట్రీషియన్. ఆమె మొదటి భర్త, ఈ ఇంటి పిల్లకి తండ్రి, అయిదేళ్ళ క్రితం ఒక పొద్దున పనికి వెళ్ళి, ఎవరిదో మేడ మీద బోర్డు బిగిస్తూ, కాస్త ఛాతీ పట్టేసినట్టుందని మెట్ల మీద కూర్చుని, మళ్ళీ లేవని మనిషి. కరెంటుతో ఇరవై ఏళ్ళు చెలగాటమాడినా ఏమీ కానివాడు, మెట్ల మీద కూర్చుంటే పోయాడు. పోయాడని అంటారు గానీ ఈ ఇంట్లో ఏ స్విచ్చు నొక్కినా ఆయనే వెలుగుతాడు. గది గదికీ ఆయన చేసిన ఏర్పాట్లు, పడక దగ్గర నుంచే వాకిలి దీపం ఆర్పేలా ఒకటి, వంటింట్లో చేతులు తడిగా ఉంటే మోచేత్తో నొక్కేంత కిందికి ఒకటి. నడవాలో ఒక ఒంటి స్విచ్చు ఉంది, అది దేనిదో భార్యకీ తెలియదు, రెండేళ్ళుగా దాని పక్కనుంచి నడుస్తున్నాడు గానీ ఒక్కసారీ నొక్కలేదు, నొక్కితే ఏదో మోగి "ఎవరు నువ్వు" అని అడిగేస్తారేమోనని. నవ్వులాటకే అనుకునేవాడు అలా, కానీ నొక్కకపోవడం మాత్రం నిజం. నలభై రెండేళ్ళ బ్రహ్మచారి పెళ్ళి చేసుకుని భార్య ఇంటికే కాపురానికి వస్తే, అత్తగారు లేని ఇల్లరికం భలే దొరికిందిరా అని ఆస్పత్రిలో వాళ్ళు ఏడిపించారు. అత్తగారుంటేనే నయం, పోట్లాడుకునైనా చోటు సంపాదించుకోవచ్చు. ఫోటోలో నవ్వుతున్న మనిషితో ఏం పోట్లాడతాం.

గాలి ఆగిపోయింది. ఆగడం మంచిది కాదు, రాత్రి కూడా విరుచుకుపడే ముందు ఇలాగే ఆగింది. దారిలో మొక్కల నర్సరీ దగ్గర సైకిలు ఆపి అడిగితే ఆ నర్సరీ పెద్దాయన చేతిలో మట్టి దులుపుకుంటూ చెప్పిందంతా చెవిలో తిరుగుతోంది. మెలిపడ్డ కొమ్మ సాయంత్రం దాకా ఆగదు నాయనా, ఈలోగా మళ్ళీ గాలొచ్చిందా, ఆ జాలీ బరువుకి మొదలే నిలువునా చీలిపోతుంది, అప్పుడు నువ్వు కట్టాల్సింది గులాబీని కాదు కట్టెల మోపుని. వైరుతో కట్టారా, ఎవరా మహానుభావులు, తీగ గులాబీకి వైరు కడితే ఉరి వేసినట్టే. ఏటేటా కొమ్మ లావెక్కుతుంది, వైరు లావెక్కదు కదా. పీలికలతో కట్టు, వదులుగా, మధ్యలో వేలు దూరాలి. నిలువుగా కట్టకు, అలా కడితే నెత్తిన నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది, పక్కకి వంచి కడితే ఒళ్ళంతా పూస్తుంది. అంతా విని తలూపాడు. వైర్లు ఎవరు కట్టారో మాత్రం చెప్పలేదు. చనిపోయిన మనిషిని మహానుభావులు అని వెటకరిస్తుంటే తనకి ఎందుకంత సంతోషం వేసిందో సైకిలు తొక్కుతూ ఆలోచించి, సిగ్గుపడి, ఎదురుగా వచ్చే లారీని కూడా చూసుకోలేదు.

మూడూ పది. వైరు కొయ్యకుండానే జాలీతో సహా ఎత్తి గోడకి ఆనిస్తే? కర్ర విరగదు, పాము చావదు. వంగి రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. మోకాళ్ళ ఎత్తు దాకా వచ్చిందో లేదో, జాలీ నడుము దగ్గర చిట్లిన చోట రెండు ముక్కలుగా వంగింది, వాటి మధ్య ఇరుక్కున్న ఒక కొమ్మ కిర్రుమంది. ఆ శబ్దం అతనికి తెలుసు. ఎముక విరగడానికీ చిట్లడానికీ మధ్య ఉండే శబ్దం. మెల్లగా, ఊపిరి బిగబట్టి, మళ్ళీ నేల మీద పెట్టేశాడు. మెడ మీద ముళ్ళు గీసుకుపోయిన చోట చెమట తగిలి మండింది. భార్యకి ఫోన్ చేద్దామంటే ఆమె పనిచేసే మందుల కౌంటర్లో ఫోన్లు సొరుగులో పెట్టి తాళం వేస్తారు, ఆరయ్యేదాకా దొరకదు. అయినా దొరికితే మాత్రం ఏమంటుంది, మీ ఇష్టం అంటుంది, ఆ మాట కంటే ముట్టుకోకండి అన్నదే మేలు.

ఆమె సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. ఒక రోజు మాట్లాడదు, రెండోరోజు చెట్టు బతికింది కదా అంటుంది. భయం ఆమె గురించి కాదు, పిడుగు గురించి. పిడుగు అని పిలిచేది వాళ్ళమ్మ, అతను మనసులో అనుకుంటాడు తప్ప పైకి అలా పిలిచే చనువు ఇంకా రాలేదు. పదమూడేళ్ళ పిల్ల. ఒక్క చెడ్డమాట అనలేదు ఈ రెండేళ్ళలో, ఒక్క మంచిమాటా అనలేదు. అడగాల్సింది ఏదున్నా వాళ్ళమ్మ మీదుగానే. ఎదురుగా కూర్చున్న మనిషిని వదిలేసి, "అమ్మా, అంకుల్ కాఫీ తాగుతారేమో అడుగు" అంటుంది, అమ్మ అడుగుతుంది, తాగుతానని చెప్పమ్మా అని ఇతనూ అమ్మతోనే చెప్తాడు, మధ్యలో ఆవిడ టెలిఫోన్ ఆపరేటర్ అయిపోయింది. అలాంటిది పది రోజుల క్రితం వాన పడుతుంటే వాకిట్లో నుంచి అతని చెప్పులు తెచ్చి లోపల పెడుతూ, సూటిగా అతని మొహంలోకే చూసి, "మీ చెప్పులు తడుస్తున్నాయి" అంది. మూడు మాటలు. రెండు రోజులు ఆ చెప్పులతో నడుస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. ప్లాస్టర్ గదిలో ఒక ముసలాయన కాలుకి కట్టువేస్తూ ఆ ముచ్చట చెప్పేసుకున్నాడు కూడా, ఆయన పాపం నొప్పిలో ఉండి కూడా మంచిదే నాయనా అన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల వచ్చి, వాళ్ళ నాన్న చేత్తో కట్టినవన్నీ కోసి కుప్ప పెట్టి ఉండడం చూస్తే. అక్కడితో అయిపోతుంది. ఇల్లు మొత్తం తనదే అనుకోవడానికి వచ్చాడని అనుకుంటుంది, స్విచ్చులు పీకలేక వైర్లు కోశాడని అనుకుంటుంది.

అనుకోనీ. కాదు, అనుకోకూడదు. చతికిలబడి కూర్చుని దగ్గర కొమ్మని చేతిలోకి తీసుకున్నాడు. వైరుకి పైన కొమ్మ ఉబ్బి ఉంది, కింద సన్నగా ఉంది, మధ్యలో ఎర్ర వైరు బెరడులోకి దిగిపోయి సగమే కనిపిస్తోంది. ఉబ్బిన చోట వేలితో నొక్కాడు, అలవాటు. కట్టు వేశాక వేళ్ళ గోళ్ళు నొక్కి చూడాలి, తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే నెత్తురు ఆడుతున్నట్టు. పని నేర్పిన ముసలి కాంపౌండరు అదొక్కటే వెయ్యిసార్లు చెప్పేవాడు, కట్టు గొప్పతనం బిగువులో లేదురా, వదులులో ఉంది, ఎంత వదలాలో తెలిసినవాడే కట్టడం తెలిసినవాడు. ఒకసారి ఒక పిల్లాడికి ఇంట్లోవాళ్ళు కట్టు వదులైందని దాని మీద ఇంకో గుడ్డ బిగించి కట్టారు. ప్రేమతోనే. మర్నాడు తెచ్చేసరికి వేళ్ళు నీలంగా ఉన్నాయి, ఆ తల్లి కట్టు విప్పనివ్వదు, విప్పితే మళ్ళీ విరుగుతుందేమోనని చెయ్యి గుండెకి అదుముకుని కూర్చుంది. ఆవిడతో వాదించాడా? లేదు. పక్కన కూర్చుని, మాటల్లో పెట్టి, కత్తెర దూర్చాడు. పదినిమిషాలు ఆలస్యమైతే వేళ్ళు దక్కేవి కాదు. ఆ తల్లి వారం రోజులు అతన్ని తిట్టింది, తర్వాత మర్చిపోయింది, పిల్లాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు.

ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లయర్ నడవాలో ఆయన సామాన్ల పెట్టెలోనే ఉంది. అది తీయలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న తన కత్తెరే తీశాడు, ఒక పక్క మొన మొద్దుగా ఉండి చర్మం తెగకుండా కట్టు కిందికి దూరేది. ఎర్ర వైరు కిందికి దూర్చి, ఒక్క క్షణం ఆగి, నొక్కాడు. టప్పుమని చిన్న చప్పుడు. వైరు రెండు కొసలూ వెంటనే విడిపోయాయి, ఎంత బిగువులో ఉన్నాయో. కొమ్మ మీద గాడి మిగిలింది, అందులో తడి. చుట్టూ చూశాడు. ఎదురింటి పిట్టగోడ మీద పిల్లి తప్ప ఎవరూ లేరు, అది కూడా వేరే పని మీద ఉంది. రెండోది కోశాడు. మూడోది. వైరు ముక్కల్ని విసిరేయబుద్ధి కాలేదు, పాత పేపరు పరిచి దాని మీద ఒక్కొక్కటీ పెట్టాడు, ఎరుపు ఎరుపుతో, పసుపు పసుపుతో. దొంగతనం చేస్తూ వస్తువులు సర్దిపెట్టే దొంగ ఉంటాడా ఎక్కడైనా అనుకున్నాడు.

పిడుగు చెయ్యి కూడా ఇలాగే విప్పాడు. మూడేళ్ళ క్రితం, అప్పుడు పదేళ్ళు, గేటు ఎక్కి దూకి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చింది వాళ్ళమ్మతో. తండ్రి పేరు అడిగితే తల్లి సమాధానం చెప్పేలోపే పిల్లే "లేరు" అంది, బస్సు లేదు అన్నట్టు. కట్టు వేస్తున్నంతసేపూ ఏడవలేదు, ఇది ఎంత గట్టిగా ఉంటుంది, లోపల చెయ్యి పెరిగితే ఏమవుతుంది, ఎవరు తీస్తారు, తీయడం మర్చిపోతే ఏమవుతుంది అని మాత్రం అడిగింది. నొప్పి ఉండదు అని అతను పిల్లలకి ఎప్పుడూ చెప్పడు, ఎంత ఉంటుందో అంతే చెప్తాడు, అందుకే కాబోలు ఆ తల్లి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుతోనే అంతా మొదలైంది, అది వేరే కథ. ఆరువారాల తర్వాత కట్టు కోసినప్పుడు, పిల్లలందరూ ఆ పిండికట్టు చిప్పని ఇంటికి పట్టుకెళ్తామని గొడవ చేస్తారు కదా అని అడక్కుండానే చేతికిచ్చాడు. పిడుగు దాన్ని చూసి, "వద్దు, పారెయ్యండి" అంది. పిల్లలు అలా అనడం అతను వినడం అదే మొదటిసారి. తీయడం మర్చిపోతే ఏమవుతుంది అని ఎందుకడిగిందో కూడా అప్పుడు ఆలోచించలేదు.

మూడూ ఇరవై అయిదు. ఒక కొమ్మ పూర్తిగా విడిపోయింది. దాన్ని లేపి, నిలువుగా కాకుండా, నర్సరీ పెద్దాయన చెప్పినట్టు పక్కకి, గోడ వెంబడి వంచడం మొదలుపెట్టాడు. వంచడం అంటే వంచేయడం కాదు, కొంచెం వంచి ఆగాలి, అది అలవాటు పడ్డాక ఇంకొంచెం. బిగుసుకుపోయిన మోచేతుల్ని చాపించేటప్పుడూ ఇంతే. లేత కొమ్మలు మాట వింటాయి, ముదిరినవి మొండికేస్తాయి. బనీను పీలికని ముందు ఇనపతీగకి చుట్టి, ఒక మెలిక తిప్పి, తర్వాత కొమ్మ చుట్టూ వేసి, ఎనిమిది అంకెలా కట్టాడు. చీలమండ బెణికితే వేసే కట్టే. వేలు దూర్చి చూశాడు, దూరింది. ఇంతసేపటికి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది, కొమ్మకో తనకో.

పని సాగుతున్నకొద్దీ ఇంకో ఆలోచన మొలిచింది, వద్దన్నా మొలిచింది. ఇదేం కట్టుడు. ఇంట్లో ఎక్కడ చూసినా ఆ మనిషి పనితనం వంక పెట్టడానికి లేదు, బోర్డు విప్పితే వైర్లు దువ్వి జడవేసినట్టు ఉంటాయి. అలాంటివాడు ఈ గులాబీ దగ్గరికొచ్చేసరికి ఒక చుట్టు అటు, ఒక చుట్టు ఇటు, కొసలు వంకర టింకర, ఒక్కోదానికి అయిదేసి చుట్లు. మూడు చాలే చోట అయిదు. తొందరలో ఉన్నాడా, విసుగులో ఉన్నాడా. చూశావా, నీకూ చేతకాని పని ఒకటుంది అని లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ కొట్టినవాడు తనే. నలభై నాలుగేళ్ళ వయసు, ఇద్దరి కష్టసుఖాలు చూసుకోవాల్సిన మనిషి, పోయినవాడి ముడి వంకరగా ఉందని పండగ చేసుకుంటున్నాడు. ఛీ అనుకున్నాడు. క్షమించవయ్యా అని కూడా అనుకున్నాడు, పెదవులు కదిలాయేమో, పిల్లి చెవులు నిక్కించింది. నీ చెట్టుని నీ కోసమే కోస్తున్నాను. నువ్వుండి ఉంటే మరుసటేడో ఆ పైయేడో వదులు చేసేవాడివే. నువ్వు లేవు, మేం ముగ్గురం ఉన్నాం, ముగ్గురిలో ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాం. మూడేళ్ళ క్రితం ఒక కొమ్మ ఎండిందని భార్య చెప్పింది, పోయినేడు ఇంకోటి తన కళ్ళముందే ఎండింది. చీడ పట్టిందనుకుని మందు కొట్టారు, ఎరువు వేశారు, మొదలు చుట్టూ కాఫీ పొడి పోశారు. ఊపిరాడనివ్వడం తప్ప అన్నీ చేశారు.

మూడూ నలభై అయిదుకి నాలుగు కొమ్మలు గోడ మీద ఉన్నాయి, చేతులు విసనకర్రలా పరుచుకుని. ఆకులు ఇంకా తిరగబడే ఉన్నాయి, వాటి సంగతి అవే చూసుకుంటాయి. మొదలు దగ్గర, ఎండిన రెండు కొమ్మలూ పుట్టే చోట, ఒక నీలం వైరు మిగిలింది. కత్తెర మొన దూర్చబోతే దూరలేదు. బెరడు దాన్ని పూర్తిగా కప్పేసుకుంది, ఒక కొస మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉంది. తవ్వి తీయొచ్చు, తీస్తే మొదలు తెగుతుంది. కొందరి ఒంట్లో డాక్టర్లు కావాలనే వదిలేసే సూదులూ రేకులూ ఉంటాయి, తీయడం కంటే ఉండడమే మేలని. కొస ఎవరికీ గుచ్చుకోకుండా కత్తిరించి, మిగతాది అలాగే వదిలేసి, అయిదో కొమ్మ అందుకున్నాడు. ఇది అన్నిటికంటే ముదురు, అన్నిటికంటే పొడుగు. ఎడంచేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా వంచుతూ కుడిచేత్తో పీలిక కోసం తడుముకుంటున్నాడు. సందు మొదట్లో బస్సు హారన్ వినపడింది. పది నిమిషాలు ముందే వచ్చేసింది, రోజూ ఆలస్యంగా వచ్చే బస్సు ఈ రోజే ముందు రావాలి. వదిలేసి ఆ పేపరు మడిచి లోపల పెడదామా అనుకున్నాడు. వదిలితే కొమ్మ వెనక్కి తన్ని పుటుక్కున విరుగుతుంది. పట్టుకునే ఉన్నాడు. గేటు చప్పుడైంది. ఇంట్లో పెద్దమనిషి, గోడకి చెయ్యి ఆనించి, హోంవర్కు చేయని పిల్లాడిలా నిలబడ్డాడు.

పిడుగు ముందు గోడవైపు చూసింది, తర్వాత విరిగిన జాలీని, తర్వాత పేపరు మీద రంగుల వారీగా సర్ది ఉన్న వైరు ముక్కల్ని. అక్కడ ఆగిపోయింది.

"నేనే కోశానమ్మా," అన్నాడు. "అమ్మ వద్దంది. అయినా కోశాను."

పిల్ల బ్యాగు బరువుకి ముందుకి వంగి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పసుపు ముక్క తీసుకుని చూసింది. "అన్నీ కోసేశారా?"

"ఒక్కటి తప్ప. మొదట్లో ఉంది. చెట్టు లోపలికి పోయింది, తీస్తే చెట్టుకే ప్రమాదం."

"చచ్చిపోతుందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, ఎప్పటిలాగే మింగేశాడు. "రెండు కొమ్మలు ఎప్పుడో పోయాయి. మిగతావి బతుకుతాయి."

"ఆ రెండూ నేనే చంపాను," అంది.

తప్పుగా విన్నానేమో అనుకున్నాడు. పిల్ల తల ఎత్తలేదు, వైరు ముక్కతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. "ఇవి నాన్న కట్టలేదు. నేను కట్టాను. నాన్న కొమ్మ పట్టుకున్నాడు, నేను స్టూలెక్కి వైరు తిప్పాను. అంతకుముందు రోజు కొమ్మ ఊడి మీద పడి నాన్న చెవి కోసుకుపోయింది, రక్తం వచ్చింది. మళ్ళీ పడకూడదని. మూడు చుట్లు చాలమ్మా, చెట్టు లావెక్కుతుంది, వదులుగా ఉండాలి అన్నాడు. సరే అన్నాను. సరే అని అన్నిటికీ రెండు చుట్లు ఎక్కువ వేశాను." ఆగింది. "తర్వాత చెప్దామనుకున్నా. ఇంకో నాలుగు రోజులకే కదా నాన్న పోయింది. తర్వాత అందరూ వచ్చి మీ నాన్న చేత్తో కట్టాడు, మీ నాన్న చేత్తో కట్టాడు అంటుంటే, అమ్మ వాటిని పట్టుకుని ఏడుస్తుంటే, ఇంకేం చెప్తాను."

ఎనిమిదేళ్ళ పిల్ల వేళ్ళు. ఒక చుట్టు అటు, ఒక చుట్టు ఇటు. దానికా తను ఇందాక చప్పట్లు కొట్టుకున్నది. కొమ్మ చేతిలో తన్నుకుంటోంది, గట్టిగా పట్టుకున్నాడు, ముల్లు బొటనవేలి మొదట్లో దిగింది, దిగనీ. చిన్నపిల్లవి తెలియక చేశావు అందామంటే తెలిసే చేసింది. పోనీలే అందామంటే పోనీలే అనడానికి తనెవరు. అయిదేళ్ళు, చీడపట్టిందని అమ్మ మందు కొడుతుంటే పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిన పిల్ల. ఎండిన కొమ్మ చూసినప్పుడల్లా ఎవరికీ చెప్పుకోలేని పిల్ల.

"రాత్రి ఊడింది గోడలో స్క్రూలమ్మా," అన్నాడు. "నువ్వు కట్టినవి ముప్ఫై ఒకటి. నేను లెక్కపెట్టాను. ఒక్కటీ ఊడలేదు."

"నాన్నకి తెలియకుండానే అయిపోయింది," అంది పిడుగు, అతను చెప్పింది వినకుండా. "సరే అన్నాను కదా, వదులుగానే కట్టాననుకున్నాడు."

ఇన్నాళ్ళూ ఆ ఫోటోలోని మనిషికి ఎదురుగా నిలబడ్డాడు కట్లాయన. ఇప్పుడు ఏమైందో, ఆయన పక్కకి వెళ్ళి నిలబడి ఆయనవైపు నుంచి చూశాడు. స్టూలు మీద కూతురు, చేతిలో కొమ్మ, కళ్ళకి బెత్తెడు దూరంలో వైరు.

"నాన్నకి తెలుసమ్మా," అన్నాడు.

పిల్ల తల ఎత్తింది.

"ఊరికే అనడం లేదు. నేను ఒక కట్టు చూస్తే అది ఎవరు వేశారో, ఎన్ని చుట్లు వేశారో విప్పకుండా చెప్తాను. అది నా పని. వైరు ఆయన పని. అయిదు చుట్లకీ మూడు చుట్లకీ తేడా ఆయనకి చీకట్లో తడిమినా తెలుస్తుంది. నువ్వు తిప్పుతుంటే ఆయన పక్కనే ఉన్నాడు, కొమ్మ ఆయన చేతిలోనే ఉంది. కావాలంటే అప్పుడే విప్పి మళ్ళీ కట్టేవాడు, ఎంతసేపు పని?"

"మరి ఎందుకు విప్పలేదు?"

"నువ్వు కట్టావని."

పిడుగు లేచి నిలబడింది. బ్యాగు దించుకోవడం కూడా మర్చిపోయి, ఆ బరువుతోనే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది, చిన్నపిల్లలు ఏడ్చినట్టు నోరు తెరుచుకుని, మొహం దాచుకోకుండా. అతను ఎడంచేత్తో కొమ్మని వదలకుండా, కుడిచెయ్యి చాపి, మెల్లగా ఆ పిల్ల భుజం మీద నుంచి ఒక పట్టీ, తర్వాత రెండో పట్టీ తప్పించి, బ్యాగు కింద పెట్టాడు. పిల్ల తీయనిచ్చింది.